అత్తవారింటి వాన

మహర్నవమి ఉదయం శ్రీకంఠయ్య పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. ఇంట్లో ఉన్న ఆయుధాలన్నిటికీ పూజ చేయడం, ఒబ్బట్లు తినడం, పడుకోవడం. మూడో దాని దగ్గరికి ఆయన మనసు ముందే వెళ్ళి పక్క పరుచుకుని కూర్చుంది. మైసూరు నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తా ఆయన. ఏడాది పొడుగునా నీళ్ళు రాలేదని అరిచేవాళ్ళకు జవాబు చెప్పి చెప్పి అలసిన మనిషి. ఈ ఒక్కరోజు మాత్రం ఊరంతటా ఏ పనిముట్టునూ ముట్టుకోకూడదు కాబట్టి గుమాస్తాను కూడా ఎవరూ ముట్టుకోరని ఆయన ధీమా.

వీధిలో పల్చటి మంచు ఇంకా విడలేదు. చేమంతుల వాసన, అగరుబత్తుల పొగ ఆ మంచులో కలిసిపోయి, ఎక్కడ పొగో ఎక్కడ మంచో తెలియకుండా ఉంది. సైకిళ్ళు, ఆటోలు, కుట్టుమిషన్లు, ఆఖరికి మూల ఇంటివాళ్ళ పిండిమర కూడా తలంట్లు పోసుకుని, బొట్లు పెట్టుకుని, దండలు వేసుకుని కూర్చున్నాయి. యంత్రాలన్నీ ఒకేసారి కళ్ళు మూసుకుంటే ఊరు ఎంత నెమ్మదిగా ఉంటుందో ఆ రోజు మైసూరులో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది.

శ్రీకంఠయ్య భార్య భాగీరథి పట్టుచీర కట్టుకుని గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ చెప్పింది. "సరస్వతక్క వాళ్ళింట్లో బొమ్మల దగ్గరికి పసుపు కుంకుమకు పిలిచారు. వెళ్ళొస్తా. స్కూటరు, మిక్సీ, కత్తిపీట, కత్తెర, ఇస్త్రీపెట్టె. వీటికి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టండి. అంతే. మీ బుర్ర మాత్రం వాడకండి. ఇవాళ దానికీ సెలవే."

"ఏడాదంతా సెలవులోనే ఉంది కదా అంటావు, మళ్ళీ ఇవాళ ప్రత్యేకంగా ఏమిటి?"

"అందుకే భయం," అని ఆవిడ వెళ్ళిపోయింది.

భాగీరథిది మలెనాడు. ఆగుంబె పక్కన పోకతోటల మధ్య ఒక పల్లె. అక్కడ వాన మొదలైతే గొడుగు మడిచే పని నెలల తరబడి ఉండదు. అలాంటి పిల్లను మైసూరుకిస్తే, ఈ పొడి ఊళ్ళో నిద్రెలా పడుతుందని పెళ్ళికి ముందు ఒకటే ఏడ్చిందట. సాగనంపేటప్పుడు తండ్రి బిందె, మంచం, పరుపుతోపాటు ఒక క్యాసెట్టు కూడా ఇచ్చాడు. అందులో పాటలు లేవు, వాన ఉంది. వాళ్ళ కొట్టం రేకుల మీద కురిసిన వాన. క్యాసెట్టు అరిగి తెగిపోయేలోపల ఆవిడ తమ్ముడు దాన్ని ఒక హార్డు డిస్కులోకి ఎక్కించి ఇచ్చాడు. అరచేతంత నల్లటి పెట్టె. అప్పటినుంచి మధ్యాహ్నం భోజనమయ్యాక ఆ పెట్టెను కంప్యూటరుకు తగిలించి, వాన పెట్టుకుని పడుకోవడం ఆవిడ అలవాటు.

శ్రీకంఠయ్యకు ఆ వాన మొదటి నాలుగు చినుకులే తెలుసు. అయిదో చినుకుకు గురక. ఆవిడ సంగతి వేరు. వాన పడుతుంటే లోకమంతా నిద్రపోతుంది, ఈవిడ మాత్రం వాన చివరిదాకా కళ్ళు మూసుకుని విని, అది ఆగాక నిద్రపోతుంది. మలెనాడు వాళ్ళ పద్ధతి అలా ఉంటుంది కాబోలని ఆయన ఎప్పుడూ అడగలేదు.

స్కూటరుకు సబ్బుస్నానం అయింది. కత్తిపీట చింతపండుతో తోముకుని మెరిసింది. పీట మీద అన్నీ వరసగా పెట్టి చూసుకుంటుంటే శ్రీకంఠయ్యకు ఏదో వెలితి అనిపించింది. ఇల్లాలు అన్నిటికంటే ఇష్టంగా వాడే వస్తువు ఆ నల్లపెట్టె. దాన్ని వదిలేసి కత్తెరకు బొట్టు పెట్టడం న్యాయమా? బుర్ర వాడొద్దని చెప్పి వెళ్ళిన మాట గుర్తొచ్చింది గాని, ఇది బుర్రతో చేస్తున్నది కాదు, ప్రేమతో చేస్తున్నదని సర్దిచెప్పుకున్నాడు.

పూజకు ముందు ప్రతి ఆయుధానికీ స్నానం కావాలి. తడిగుడ్డతో తుడిస్తే పెట్టె అంచుల సందుల్లో దుమ్ము కదల్లేదు. ఒక్కటంటే ఒక్క చెంబు నీళ్ళు పోశాడు. దుమ్ము పోయింది. పెట్టెను కాసేపు ఎండలో ఆరబెట్టి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, నెత్తిన ఒక చేమంతి పువ్వు కూడా ఉంచాడు. అది నిజంగానే బాగుంది. ఆ ఆనందంలో కొబ్బరికాయను కొంచెం ఎక్కువ భక్తితో కొట్టాడు. ఒక చెక్క చేతిలో ఉండిపోయింది. రెండో చెక్క ఎగిరి, నీళ్ళతో సహా పోయి నల్లపెట్టె నడినెత్తిన పడింది. మూలిగే నక్క మీద తాటికాయ పడిందంటారు. ఇక్కడ కొబ్బరికాయ పడింది, అంతే తేడా.

తుడిచి, ఊది, దండం పెట్టి కంప్యూటరుకు తగిలించాడు. పెట్టె లోపలినుంచి బల్లి పలికినట్టు టక్కు, టక్కు అని రెండు చప్పుళ్ళు వచ్చి ఆగిపోయాయి. శుభమో అశుభమో తెలుసుకోవడానికి పంచాంగం అక్కర్లేకపోయింది.

ఆయనకు భయం తిట్ల గురించి కాదు. భాగీరథి పెద్దగా తిట్టదు. ఆ పెట్టెలో పెళ్ళి ఫోటోలు, ఇంటి కాగితాలు కూడా ఉన్నాయి గాని వాటి నకళ్ళు హుబ్బళ్ళిలో కూతురి దగ్గర ఉన్నాయి. వాన మాత్రం ఇంకెక్కడా లేదు. పాట కాదు కదా, చప్పుడే కదా అని దాని నకలు తీయాలని ఎవరికీ తోచలేదు. ఆవిడ తండ్రి పోయాడు, తల్లి పోయింది, ఆ ఇల్లు అమ్మేశారు, కొన్నవాళ్ళు కొట్టం పడగొట్టి డాబా కట్టారు. పుట్టింటిదంటూ ఆవిడకు మిగిలింది ఆ చప్పుడొక్కటే. శ్రీకంఠయ్యకు పీట ముందు కూర్చుని ఏడుపొచ్చింది.

వీధి చివర యతిరాజు కంప్యూటర్ల రిపేరు కొట్టు ఉంది. శ్రీకంఠయ్య పెట్టెను తువ్వాల్లో చుట్టుకుని అక్కడికి పరుగెత్తాడు. యతిరాజు పట్టుపంచె కట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, బొమ్మలా కూర్చుని ఉన్నాడు. ఎదురుగా బల్ల మీద స్క్రూడ్రైవర్లు, పటకార్లు వరసగా పడుకున్నాయి. ఒక్కొక్కదానికీ ఒక్కొక్క బొట్టు.

"యతిరాజూ, కొంప మునిగింది. ఒక్క స్క్రూ విప్పి చూడవయ్యా."

"ఎలా విప్పేది సార్? ఇవాళ స్క్రూ దేవుడు, డ్రైవరు దేవుడు. మధ్యలో నేనెవర్ని?"

"చేత్తో విప్పలేవా?"

యతిరాజు కుడి అరచెయ్యి తిప్పి చూపించాడు. దాని నడిమధ్యన కుంకుమ బొట్టు. "పొద్దున్నే మా అమ్మ దీనికి కూడా పెట్టేసింది. ఇందాక ఒబ్బట్టు కూడా ఎడం చేత్తోనే తిన్నా."

"మరి నా గతేమిటి?"

"రేపు విజయదశమి. తెల్లారగానే మొదటి బోణీ మీదే. అందాకా బియ్యంలో పెట్టండి. తడి లాగేస్తుంది."

"తడే కాదయ్యా, కొబ్బరిచెక్క దెబ్బ కూడా తగిలింది."

యతిరాజు ముట్టుకోకుండా వంగి పెట్టెను చూశాడు. "దెబ్బను బియ్యం లాగదు సార్. కాకపోతే మనకు ఏదో చేశామనుంటుంది." అని ఎడం చేత్తో గుప్పెడు మరమరాలు ప్రసాదంగా ఇచ్చి పంపాడు.

ఇంటికొచ్చి పెట్టెను బియ్యం డబ్బాలో అడుగుదాకా పాతిపెట్టాక, శ్రీకంఠయ్య మరమరాలు నములుతూ వాకిట్లో నిలబడ్డాడు. వాకిట్లో స్కూటరు పెట్టుకునే చిన్న రేకుల షెడ్డు ఉంది. ఆయన దాని వంకే చాలాసేపు చూశాడు. వాన వానే కదా. మైసూరు రేకైతేనేం, మలెనాడు రేకైతేనేం? మధ్యాహ్నంలోపల ఈ రేకుల మీద ఒక వాన కురిపించి, ఫోనులో పట్టి, పాతదానిలా వినిపిస్తే ఆవిడకు రేపటిదాకా తెలియదు. రేపు యతిరాజు అసలు వాన తీసిస్తాడు. పేరు భాగీరథిదైనా భగీరథ ప్రయత్నం మాత్రం మొగుడి నెత్తిన పడింది.

గంగను దించడానికి కావలసిన నీళ్ళు లేవు. పొద్దున స్నానాలకే పైనున్న ట్యాంకు ఖాళీ అయింది. మోటారు వేద్దామంటే అది మేడ మీద ఉండే ఇంటి యజమానురాలు తిరుమలమ్మది. ఆవిడ మోటారుకు, తోటకు నీళ్ళు పెట్టే పైపుకు కూడా దండలు వేసి, పైపును పాములా చుట్టి దాని పడగ మీద అక్షింతలు చల్లింది.

"అమ్మా, మోటారు ఒక్క నిమిషం వేస్తారా?" అని కింద నుంచి అడిగాడు.

తిరుమలమ్మ మేడ మెట్ల మీద నుంచి తొంగిచూసింది. "అది నిద్రపోతోంది శ్రీకంఠూ. సంవత్సరమంతా నీళ్ళు మోసింది. ఒక్కరోజు పడుకోనీ. నువ్వు సంవత్సరమంతా పడుకోవటం లేదూ, నేనేమన్నా అన్నానా?"

ఇక మిగిలింది మారియప్ప. వీధుల్లో వాల్వులు తిప్పి నీళ్ళు వదిలే మనిషి, ఆఫీసులో శ్రీకంఠయ్య చేతికింద పనిచేస్తాడు. వెనక సందులో వాళ్ళిల్లు. వాల్వు తిప్పే పొడుగాటి ఇనుపకడ్డీ వాళ్ళ పూజ గదిలో దేవుళ్ళందరికంటే ఎత్తుగా, ముత్తైదువలా పసుపు రాసుకుని నిలబడి ఉంది.

"మీరు ఆఫీసు మనిషి. తియ్యమంటే తియ్యాలి. కాని సార్, చూడండి దాని ముఖం ఎంత కళగా ఉందో. ఎలా తీసేది?" అన్నాడు మారియప్ప.

శ్రీకంఠయ్య కడ్డీ ముఖం చూశాడు. నిజంగానే కళగా ఉంది. "వద్దులే. మా ఇంట్లో చుక్క నీళ్ళు లేవు, అందుకని వచ్చా," అని ఒక్క మాట అని వెనక్కి తిరిగాడు.

ఆ ఒక్క మాట ఆయనకంటే ముందు వీధిలోకి వెళ్ళింది. పండగపూట నీళ్ళాఫీసు సార్ ఇంట్లో చుక్క నీళ్ళు లేవట, పొయ్యి మీదికి ఎసరు కూడా లేదట, భాగీరథక్క మొహం చాటేసి ఎవరింటికో పోయిందట. మోటార్లు వెయ్యకూడదని ఆ వీధిలో ప్రతి ఇంటివాళ్ళూ ముందురోజే డ్రమ్ములు నింపి పెట్టుకున్నారు. తలా ఒక బిందె ఇస్తే సరిపోదా అన్నాడు మారియప్ప. సరిపోతుందన్నారు అందరూ.

శ్రీకంఠయ్య గేటు దగ్గర నిలబడి ఉండగా వీధి మలుపులో అగరుబత్తుల పొగ విడినట్టయి, అందులోనుంచి ఆడవాళ్ళు వచ్చారు. పట్టుచీరల్లో, నడుం మీద నిండు బిందెలతో, ఒకరి వెనక ఒకరు, చడీచప్పుడు లేకుండా. ఇత్తడి బిందెల మీద ఎండ పడి వాళ్ళ చెంపల మీద ఆడుతోంది. తను మేలుకొని ఉన్నాడో లేదో ఆయనకు ఒక్క క్షణం అనుమానమొచ్చింది. ఇన్నేళ్ళ నౌకరీలో బిందెలతో వచ్చిన ఆడవాళ్ళను చాలామందిని చూశాడు గాని, నిండు బిందెలతో వచ్చినవాళ్ళను ఇదే చూడటం.

"ఎక్కడ పొయ్యమంటారు సార్? వంటింట్లో డ్రమ్ములోనా?" అని మారియప్ప లోపలికి దారి తీయబోయాడు.

డ్రమ్ము పక్కనే బియ్యం డబ్బా ఉంది. "వంటింట్లోకి వద్దు," అన్నాడు శ్రీకంఠయ్య కంగారుగా. "రేకుల మీద పొయ్యండి."

రేకుల మీదా అని ఎవరో గొణిగారు.

"మొక్కు," అన్న మాట ఆయన నోటినుంచి జారిపోయింది.

మెట్ల మీదనుంచి తిరుమలమ్మ అడిగింది. "ఏం మొక్కు?"

"స్కూటరుకు... అభిషేకం."

"పైకప్పు మీంచా?"

"అభిషేకం నెత్తి మీంచే కదమ్మా చేసేది."

తిరుమలమ్మ శాస్త్రాలన్నీ మనసులో ఒకసారి తిరగేసింది. ఎక్కడా దీనికి అడ్డు కనిపించలేదు. "సరైన మాటే," అని తేల్చి, మరుక్షణం మొత్తం వ్యవహారం తన చేతిలోకి తీసుకుంది. మేడమెట్ల మలుపు సరిగ్గా షెడ్డు పక్కనే ఉంది. ఒక్కొక్కళ్ళూ మెట్లెక్కి, బిందె ఒంపి, అటునుంచి దిగాలని ఏర్పాటు చేసింది. తన ఇంట్లోనుంచి కూడా రెండు బిందెలు తెప్పించింది. మారియప్ప పుణ్యం వృథాగా పోకుండా తన సైకిలు కూడా తెచ్చి స్కూటరు పక్కన నిలబెట్టాడు.

"ఒక నియమం," అన్నాడు శ్రీకంఠయ్య. నిండా మునిగాక చలేమిటని ధైర్యం వచ్చేసింది. "ఎవరూ మాట్లాడకూడదు. మౌనంగా పొయ్యాలి. నేను కింద కూర్చుని ధ్యానం చేస్తా."

షెడ్డులో తిరగేసిన రంగు డబ్బా మీద కూర్చుని, ఫోనులో రికార్డింగు నొక్కి, దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. పైన మొదటి బిందె ఒంగింది.

రేకు మొదట ఉలిక్కిపడింది. తర్వాత సర్దుకుంది. ఒకరి తర్వాత ఒకరు పోస్తుంటే చప్పుడు చప్పుడులో కలిసి, ఎక్కడా తెగకుండా, పైన ఎవరో పెద్దమనిషి తీరుబడిగా ఏదో చెబుతున్నట్టు సాగింది. షెడ్డు చూరునుంచి ధారలు దిగి చుట్టూ తెర కట్టాయి. తెరకు అవతల ఎండ. ఇవతల చెమ్మ, తడిమట్టి వాసన, చేమంతులు. తను ఎప్పుడూ పండగలకు వెళ్ళి రెండు రోజులుండి వచ్చేసిన ఆ మలెనాడు ఇంటి అరుగు, మామగారి పొగచుట్ట, అల్లుడుగారికి ఇంకో లోటా కాఫీ ఇవ్వమని ఆయన లోపలికి కేక వేయడం, అన్నీ ఆ తెర మీద మెల్లగా వచ్చి కూర్చున్నాయి. బాగానే ఉంది, అసలుదానిలాగే ఉంది అనుకున్నాడు శ్రీకంఠయ్య. అది నాలుగో చినుకు.

మళ్ళీ కళ్ళు తెరిచేసరికి చూరు నుంచి ఒక్కొక్క బొట్టే పడుతోంది. ఎండ నిటారుగా ఉంది. మెడలో ఏదో బరువుగా ఉంటే తడిమి చూసుకున్నాడు. చేమంతి దండ. నుదుట కుంకుమ. రెండు పాదాల ముందూ రెండు నిమ్మకాయలు, ఒళ్ళో మరమరాలు. ఎదురుగా మారియప్ప గొంతుక్కూర్చుని తన వంతు మరమరాలు తింటున్నాడు.

"ఇదేమిటయ్యా?"

"తిరుమలమ్మ వేయించింది సార్. కదలకుండా ఉన్న ప్రతిదానికీ ఇవాళ దండ పడాలంది. రేపు పొద్దుటిదాకా మిమ్మల్ని కూడా ఎవరూ వాడకూడదంట."

"మొక్కు...?"

"బ్రహ్మాండంగా తీరింది. అందరూ పోశారు సార్," అని మారియప్ప ఆగి, ఇంకేదో చెప్పబోయి, మరమరాలు నోట్లో వేసుకున్నాడు.

దండ తీసేసి, ఫోనులో రికార్డింగు ఆపి ఇంట్లోకి వెళ్ళేసరికి భాగీరథి పులిహోర కలుపుతోంది. శ్రీకంఠయ్య కళ్ళు బియ్యం డబ్బా మీద పడ్డాయి. మూత సరిగ్గానే ఉంది.

"అన్నం... ఎప్పుడు వండావు?"

"వచ్చాకే, పక్కింట్లో బిందెడు నీళ్ళు అడిగి. మీరు పూజలో ఉన్నారు."

"బియ్యం సరిపోయాయా?"

"సరిపోయాయి. చేతికే కొంచెం గట్టిగా తగిలాయి."

"రాళ్ళుంటాయి మరి. షాపువాడికి చెప్పాలి."

"పెద్ద రాయే," అని ఆవిడ ఒబ్బట్టు మీద నెయ్యి వేసింది. వేయాల్సిన దానికంటే ఎక్కువే వేసింది. శ్రీకంఠయ్యకు ఆ నెయ్యి సంగతీ తెలియలేదు, రాయి సంగతీ తెలియలేదు. తప్పు చేసినవాడికి ఆకలి ఎక్కువవుతుందని ఎవరూ చెప్పరు గాని అది నిజం. అయిదు ఒబ్బట్లు తిన్నాడు.

"వాన నేను పెడతాలే, నువ్వు పడుకో," అని కంప్యూటరు వెనక్కి వెళ్ళి, స్పీకర్ల తీగ ఫోనుకు తగిలించి, ఫోనును కాలెండరు చాటున దాచి వచ్చి పక్క మీద వాలాడు. భాగీరథి గోడవైపు తిరిగి కళ్ళు మూసుకుంది.

వాన మొదలైంది. పెళ్ళయిన తర్వాత మొదటిసారి శ్రీకంఠయ్యకు అయిదో చినుకు వినపడింది. తర్వాత ఆరోది కూడా. దొంగవాన పెట్టినవాడికి నిద్రెక్కడిది? చప్పుడు బాగానే ఉంది. కాస్త బిందెబిందెకూ తెగుతున్నట్టుంది గాని మలెనాడు మబ్బులు కూడా ఊపిరి పీల్చుకోవాలి కదా.

అంతలో వానలోనుంచి గురక వినపడింది. తనదే.

గురక వెనక తిరుమలమ్మ గొంతు గుసగుసగా. "చూశావా, కూర్చున్న మరుక్షణం సమాధిలోకి వెళ్ళిపోయాడు. ఎంత సాధన ఉంటే వస్తుంది ఇది."

"సార్ ఆఫీసులో కూడా ఇంతేనమ్మా," అన్నాడు వానలో మారియప్ప.

శ్రీకంఠయ్య పక్కకు చూశాడు. భాగీరథి కదల్లేదు. నిద్రపట్టేసిందేమోనని ఆశ పుట్టింది. ఆ ఆశలో ఉండగానే వానలో కొత్తగా ఇంకో గొంతు వచ్చింది.

"ఏమిటిది? ఏమైంది ఈయనకు?"

అది భాగీరథి గొంతు. పక్కన పడుకున్న భాగీరథి పెదవులు మూసుకునే ఉన్నాయి. ఇది కలేమోనని శ్రీకంఠయ్య తన చెయ్యి తానే గిచ్చుకున్నాడు. నొప్పెట్టింది.

"స్కూటరుకు మొక్కంట అక్కా," అంది ఎవరో ఆడమనిషి.

కాసేపు ఉత్త నీళ్ళ చప్పుడు. తర్వాత మళ్ళీ ఆవిడే. "బిందె ఇటివ్వండి. అలా ఒక్కసారే కుమ్మరిస్తే ఎలా? మొదట చేత్తో చిలకరించాలి. మా ఊళ్ళో వాన అలాగే మొదలవుతుంది. ఇప్పుడు ఇద్దరు కలిసి సన్నగా పొయ్యండి. ఊఁ, అలా. ఇప్పుడు ముగ్గురు. ఆయన మీద పడకుండా చూడండమ్మా, జలుబు చేస్తుంది."

అక్కడినుంచి వాన మారిపోయింది. చిలకరింపుగా మొదలై, చిక్కబడి, జోరెక్కి, గాలికి పక్కకు వాలినట్టు వాలి, మళ్ళీ తెరిపిచ్చి, మళ్ళీ కమ్ముకుంది. బిందెలు, గాజులు, ఎవరిదో తుమ్ము, అన్నీ ఆ వానలో తడిసి దానిలోవే అయిపోయాయి. చివరికి ధార సన్నగిల్లింది. ఒక బిందె అడుగు రేకుకు తగిలి ఖంగుమంది. భాగీరథి గొంతు అంది: "చాలు, ఇక దిగండి. బిందెలు ఖాళీ."

వాన ఆగింది. శ్రీకంఠయ్య లేచి కూర్చున్నాడు. భాగీరథి కళ్ళు తెరిచి ఉన్నాయి. వాటినిండా నీళ్ళున్నాయి.

"పాడుచేశాను," అన్నాడాయన. "కడిగి, కొబ్బరికాయ కొట్టి పాడుచేశాను. మీ నాన్న వాన."

"డబ్బాలో చూశాను. బొట్టుతో సహా ఉంది." కొంగుతో కళ్ళు తుడుచుకుని ఆవిడ కూడా లేచి కూర్చుంది. "మన పెళ్ళి ఎప్పుడయింది?"

"వైశాఖంలో."

"వైశాఖంలో మా ఊళ్ళో అంత వాన ఎక్కడిదండీ?"

నీటి సరఫరా ఆఫీసులో పనిచేసే మనిషికి ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా రాని ఆలోచన అది.

"నేను ఒకటే ఏడుస్తుంటే నాన్న పక్కింటి టేపురికార్డరు తెచ్చి కొట్టంలో పెట్టాడు. తను నిచ్చెన వేసుకుని పైకెక్కాడు. అమ్మా, పిన్నీ, చాకలి దేవక్కా బిందెలు అందించారు. నాన్న రేకుల మీద పోశాడు. అల్లుడికి చెప్పొద్దే, నవ్వుతాడు అన్నాడు. అందుకే చెప్పలేదు." ఆవిడ దిండు ఒళ్ళోకి లాక్కుంది. "చివర్లో మా అమ్మ కిందనుంచి ఒక్క మాట అంటుంది. చాలు, ఇక దిగండి, బిందెలు ఖాళీ అని. అమ్మ గొంతు ఇంకెక్కడా లేదు. ఆ ఒక్క మాట కోసమే నేను చివరిదాకా వినేదాన్ని. అది విన్నాకే నిద్రపట్టేది."

"మరి ఇందాక నువ్వు..."

"అనాలనుకుని అనలేదు. బిందె ఖాళీ అయ్యేసరికి నోట్లోంచి అదే వచ్చింది. అచ్చం అమ్మ అన్నట్టే ఉంది కదూ?"

శ్రీకంఠయ్య అత్తగారి గొంతు గుర్తుచేసుకుని చూశాడు. ఉంది. "ఇంకోసారి పెట్టనా?" అన్నాడు. ఆవిడ తలూపి మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంది. ఈసారి మారియప్ప మాట దగ్గర ఆవిడ భుజాలు కదలడం చూశాడు. ఏడుస్తోందేమోనని వంగి చూస్తే నవ్వుతోంది. వాన ఆగాక నిద్రపోయింది.

మర్నాడు ఏనుగులు ఊరేగింపుకు బయల్దేరక ముందే యతిరాజు కొట్టు తెరిచి, పెట్టె విప్పి, భూతద్దం పెట్టి చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇందులో ఇక కొబ్బరినీళ్ళే ఉన్నాయి సార్." భాగీరథి ఆ పెట్టెను ఇంటికి తెచ్చి తుడిచి, పూజగదిలో అమ్మవారి పక్కన పెట్టింది. కొత్త వానను హుబ్బళ్ళిలో కూతురు ఒకటికి మూడు చోట్ల దాచింది. గురక తీసేయమంటారా అని అడిగితే, తాత పోసిన వానలో కొట్టంలోని ఆవు అరిచినచోట సరిగ్గా అదే పడింది, ఉండనీ అంది తల్లి.

పండగ వెళ్ళిన వారానికి ఒక మధ్యాహ్నం, భాగీరథి కొత్త వాన పెట్టుకుని పడుకుని ఉండగా, మైసూరు మీద నిజంగానే మబ్బు కమ్మింది. తిరుమలమ్మ షెడ్డు రేకుల మీద ఒకటి, రెండు, నాలుగు చినుకులు పడి, చూస్తుండగానే జడివాన అయింది. శ్రీకంఠయ్య సంబరంగా లేచి, భార్యకు బాగా వినపడాలని కిటికీ రెక్కలు బార్లా తెరిచాడు.

"అది మూసెయ్యండి," అంది భాగీరథి కళ్ళు తెరవకుండానే. "ఆ చప్పుడుకు వాన వినపడటం లేదు."